ఎన్ని కానుపులని అడగండి

మొన్న ఇద్దరమ్మాయిలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను చేసిన ఉద్యోగంలోనే, వేరే ఆసుపత్రిలో, కొత్తగా చేరారట. "మేడం, పేషెంటు కుటుంబ చరిత్ర ఎలా రాబట్టాలో కాస్త చెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చి, ముందు మీరెలా అడుగుతున్నారో చూపించండి అన్నాను. సంచీలోంచి అచ్చు ఫారం తీశారు. పేరు, వయసు, తోబుట్టువులు ఎందరు, వాళ్ళలో జబ్బున్నవారు ఎందరు, కింద సంతకం. అది చూడగానే నాకు ఒళ్ళు మండింది. పాపం, పిల్లలు బెదిరిపోయారు. ఎందుకు మండిందో ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకని ఇది రాస్తున్నాను.

చెట్టు మేడం

నేను డాక్టర్ని కాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఒక నరాల డాక్టరు గారి క్లినిక్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మాది భీమవరం పక్కన పల్లెటూరు. మా నాన్న చర్చి బళ్ళో మాస్టారు. సోషల్ వర్క్ చదువుకుని హైదరాబాదు వచ్చి పడ్డాను. చేతులు వణుకుతున్నాయని వచ్చిన మనిషిని డాక్టరు గారు చూసేవారు. ఆ వణుకు ఆ ఇంట్లో ఎవరి దగ్గర మొదలైంది, ఎవరి మీదుగా వచ్చింది, ఇంకెవరికి రాబోతోంది అన్నది కనిపెట్టడం నా పని.

దానికి వంశవృక్షం గియ్యాలి, కావలసింది తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు. మగవాళ్ళకి చదరం గియ్యాలి, ఆడవాళ్ళకి సున్నా. జబ్బుంటే లోపల నల్లగా నింపాలి. పెళ్ళికి అడ్డంగా ఒక గీత, మేనరికమైతే రెండు గీతలు. పిల్లల్ని కిందకి వరసగా దించాలి. పుస్తకంలో చూస్తే ఎంత సులువో. మన ఇళ్ళలో ఆ చెట్టు తిన్నగా పెరిగితేగా! మేనమామ మొగుడవుతాడు, మేనత్త అత్తగారవుతుంది, ఇటు పోయిన కొమ్మ తిరిగొచ్చి మొదట్లోనే అంటుకుంటుంది. మొదటి ఏడాది నేను పెన్సిలు కంటే రబ్బరే ఎక్కువ అరగదీశాను. కృష్ణానగర్ నుంచి వచ్చేవాళ్ళు నాకు చెట్టు మేడం అని పేరు పెట్టారు.

కృష్ణానగర్ అంటే సినిమా వాళ్ళేగా అంటారేమో. మీరనుకునే సినిమా వాళ్ళు కాదు. పెద్ద హీరోలు వెనక తలుపు నుంచి వచ్చి వెనక తలుపు నుంచే పోయేవారు, వాళ్ళ తాతగారి సంగతి అడిగితే మేనేజరు జవాబు చెప్పేవాడు. నా వాళ్ళు లైట్‌మెన్లు, డ్రైవర్లు, గ్రూపు డాన్సర్లు, బట్టలు కుట్టేవాళ్ళు. చేతుల మీద బతికేవాళ్ళు. వణుకు వాళ్ళకి జబ్బవడానికి ముందు చెడ్డపేరయ్యేది.

మా డాక్టరు గారి గురించి కూడా చెప్పాలి. మంచి డాక్టరు, మాటలు తక్కువ. పేషెంటు మొహం చూడకుండా చేతులు చూస్తూ మాట్లాడేవారు, అది నాకు నచ్చేది కాదు. గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టేవారు, అదీ నచ్చేది కాదు. ఇరవై ఆరేళ్ళలో నన్ను నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు. నేను గీసిన కాగితం మీద ఏదైనా తేడా ఉంటే పిలిచి తిట్టేవారు కాదు. పెన్సిలుతో పక్కన ఒక ముక్క రాసి పంపేవారు, అది తిట్టుకంటే ఎక్కువ తగిలేది.

మేకప్ మనిషి చెయ్యి

నేను చేరిన కొత్తలో ఒక మేకప్ మనిషి వచ్చాడు. సూర్యం అని, తెనాలి వైపు. కనురెప్ప మీద కాటుక గీత దిద్దబోతే చెయ్యి ఒణికి హీరోయిన్ చెంప మీదికి పోయిందట. తాగుబోతని సెట్టు మీద నుంచి పంపించేశారు. వాళ్ళావిడ కూడా అదే చెప్పింది, "తాగి తాగి నరాలు చచ్చిపోయాయండీ" అని. మనిషి దగ్గర వాసన వస్తూనే ఉంది. నేనూ నా కాగితం పైన పెద్ద అక్షరాలతో తాగుడు అని రాసి, తాతముత్తాతల జోలికి పోకుండా లోపలికి పంపేశాను.

కాగితం తిరిగొచ్చింది. నేను రాసిన మాట చుట్టూ పెన్సిలు సున్నా, పక్కన "ఎవరన్నారు?" అని. లోపలికి వెళ్ళేసరికి డాక్టరు గారు అతన్ని ఒకటే అడుగుతున్నారు.

"తాగాక వణుకు పెరుగుతుందా, తగ్గుతుందా?"

"తగ్గుద్దండీ. అందుకేగా తాగేది" అన్నాడు సూర్యం.

అప్పుడు కూర్చోబెట్టి అడిగాను. వాళ్ళ నాన్న బంగారప్పని చేసేవాడు, నలభై దాటకుండానే చెయ్యి నిలవడం లేదని పని మానేశాడు. నాయనమ్మ మజ్జిగ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేది, అందరూ ముసలితనం అనేవారు. ఎంత వయసని అడిగితే యాభై లోపే. మూడు తరాలు వరసగా నల్లబడ్డాయి. తాగి వణికినవాడు కాదు, వణుకు ఆపుకోవడానికి తాగినవాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఇతను నిజంగానే తాగాడు గనక ఇక ఎవరు నమ్ముతారు! సారా మందు కాదని డాక్టరు గారు చీవాట్లు పెట్టి, వణుక్కి మాత్రలు రాశారు. మూడు నెలలకి మళ్ళీ బ్రష్ పట్టాడు.

అప్పట్నుంచి ఎవరేం చెప్పినా "ఎవరన్నారు?" అని అడగడం నేర్చుకున్నాను. అంతా నేర్చేసుకున్నానని పొగరు కూడా వచ్చింది. నాకు కోపం ఎటూ ముక్కు మీదే ఉంటుంది, దానికి పొగరు తోడైతే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

ముగ్గురూ కొడుకులే

శ్రీనుకి అప్పుడు ఇరవయ్యేళ్ళు. పాటల్లో హీరో వెనక మూడో వరసలో ఆడే గ్రూపు డాన్సరు. పాలమూరు నుంచి వచ్చి కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్న కుటుంబం. తండ్రి లైట్‌మన్. తల్లి అంజమ్మ జూనియర్ ఆర్టిస్టు. సంత సీనైనా జాతర సీనైనా గుంపులో నిలబడేది. శ్రీను చేతులు చాపితే పక్షి రెక్కల్లా కొట్టుకునేవి. మాట ముద్దగా వచ్చేది. డాన్సు మాస్టరు తాగొచ్చావని వెళ్ళగొట్టాడు. అంజమ్మ ఎవరో చేతబడి చేశారని తాయెత్తులు కట్టించింది.

కళ్ళ డాక్టరు దీపం పెట్టి చూస్తే నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం కనపడింది. ఒంట్లో రాగి పేరుకుపోతోందన్నమాట. మనం తినే తిండిలో కాస్త రాగి ఉంటుంది, మిగిలింది ఒళ్ళు బయటికి పంపేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ శక్తి ఉండదు. అది ముందు కాలేయంలో, తర్వాత మెదడులో చేరుతుంది. తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి ఒక లోపం, రెండూ కలిస్తేనే ఈ జబ్బు. అంజమ్మ మొగుడు ఆవిడ మేనత్త కొడుకే.

ఈ జబ్బుకి మందుంది. వణుకు రాకముందే పట్టుకుంటే, రోజూ మాత్రలు వేసుకుంటూ మనిషి నిండు నూరేళ్ళు బతకొచ్చు. ఆలస్యమైతే చేతులు పోతాయి, మాట పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకని ఒకరికి తేలగానే ఆ తల్లి కడుపున పుట్టిన ప్రతి బిడ్డకీ పరీక్ష చెయ్యాలి. ఒక్కరిని కూడా వదలకూడదు.

"పిల్లలెంతమంది అంజమ్మా?" అని అడిగాను.

"ముగ్గురు మేడం. ముగ్గురూ కొడుకులే."

శ్రీను తమ్ముళ్ళిద్దరినీ పిలిపించి పరీక్ష చేయించాం. ఇద్దరికీ లేదు. ఇంట్లో ఉన్న రాగి బిందె తీసెయ్యమని చెప్పాం. చెట్టు కింద "తోబుట్టువులు పూర్తి" అని రాసి, దాని కింద గీత కూడా గీశాను.

మూడోసారి

అంజమ్మ నెలనెలా మందులకి వచ్చేది. ఒకరోజు వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "మేడం, మా అక్క బిడ్డకు గూడ గీ పరీక్ష చేస్తరా?" అంది. అక్క కూతురికి ఏం వణుకుందని అడిగాను. ఏం లేదంది. "అయితే అక్కర్లేదమ్మా, తోబుట్టువులకే" అన్నాను.

మరుసటి నెల మళ్ళీ అదే ప్రశ్న. "ఆ పొల్ల మంచిగనే ఉంది మేడం. జర చూస్తే అయిపోతది కదా" అంది. చెప్పాను కదా అన్నాను.

మూడో నెల మళ్ళీ అడిగింది. ఆ రోజు వరండా నిండా జనం. నాకు చిర్రెత్తుకొచ్చింది. "చెవిలో జోరీగలా ఎన్నిసార్లమ్మా! నీ కొడుక్కి సరిగ్గా మందులెయ్యడం చూడు, ఊళ్ళో వాళ్ళందరి సంగతీ నీకెందుకు?" అని అరిచాను. అంజమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

డాక్టరు గారు లోపలినుంచి విన్నారు. పేషెంటుని పంపించి నన్ను పిలిచారు.

"ప్రమీలా, ఆవిడ మూడుసార్లు ఎందుకడిగింది?"

"చాదస్తమండీ."

"ఎవరన్నారు?" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. కృష్ణానగర్ సందులో నాలుగు అంతస్తులెక్కి అంజమ్మ గదికి వెళ్ళాను. మొగుడూ పిల్లలూ ఇంట్లో లేరు. అరిచినందుకు తప్పయిపోయిందన్నాను. ఆవిడ చాయ్ పెట్టింది. ఏమడగాలో తెలియక గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. చివరికి మా ఊళ్ళో మంత్రసాని అడిగినట్టు అడిగాను.

"అంజమ్మా, నీకు ఎన్ని కానుపులయ్యాయి?"

ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసింది. తర్వాత నాలుగు వేళ్ళు చూపించింది.

"ముగ్గురేనన్నావుగా?"

"పిల్లలు ముగ్గురే మేడం. మీరు పిల్లలెంతమంది అని అడిగిండ్రు. శ్రీను ఎన్క పుట్టింది మా అక్క బిడ్డ. కన్నది నేను, బిడ్డ మా అక్కది."

అక్క లక్ష్మమ్మకి పెళ్ళయి పదేళ్ళయినా పిల్లల్లేరట. అంజమ్మకి ఆడపిల్ల పుట్టిన పదకొండో రోజున మైసమ్మ గుడి ముందర పసుపు రాసి అక్క ఒడిలో వేసింది. ఇక ఆ పిల్లని నా బిడ్డ అని నోటితో అననని అమ్మవారి మీద ఒట్టు పెట్టింది. పద్దెనిమిదేళ్ళుగా అనలేదు. కొడుక్కి జబ్బని తెలిసినప్పుడు కూడా ఒట్టు తప్పకుండా ఎంతవరకు చెప్పొచ్చో అంతా చెప్పింది, మా అక్క బిడ్డ అని. నేను మూడుసార్లూ నోరు మూయించాను.

చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ ముందు ఏడ్చేశాను. ఆవిడే నా వీపు నిమిరి, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, ఇప్పుడన్న అడిగిండ్రు కద" అంది.

మధురానగర్ మెట్లు

లక్ష్మమ్మ మధురానగర్‌లో ఉండేది. సినిమాలకి జాకెట్లు కుట్టేది. ఆవిడ భర్త ఆర్టీసీలో మెకానిక్, నెమ్మదస్తుడు. ఆ అమ్మాయి పేరు స్వాతి, డిగ్రీ మొదటి ఏడాది, జీవశాస్త్రం. నేను వెళ్ళేసరికి కాలేజీలో ఉంది. ఎవరు పంపారో చెప్పగానే లక్ష్మమ్మ కుట్టుమిషను ఆపింది.

"మీరు దవఖానల పనిచేస్తరా, ఇండ్లల్ల పుల్లలు పెడ్తరా?" అంది. "నా బిడ్డకు ఏం రోగం లేదు. పోండ్రి."

ఇంటిగుట్టు లంకకి చేటు అన్నట్టు, నేను ఎటు కదిలినా ఒక ఇల్లు కూలేలా ఉంది. పరీక్ష చెయ్యకపోతే పిల్ల శ్రీనులా అవ్వొచ్చు. చేస్తే పిల్లకి దూరమవుతానని లక్ష్మమ్మ భయం. నేను మెట్లు దిగాను, మళ్ళీ వారం వెళ్ళాను. మళ్ళీ పొమ్మంది. మూడో వారం శ్రీనుని వెంటబెట్టుకెళ్ళాను. అతను పెద్దమ్మా అని పిలిచి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు అందుకోబోతే నీళ్ళన్నీ చొక్కా మీద ఒలికిపోయాయి. లక్ష్మమ్మ తన కొంగుతో అతని గడ్డం తుడిచింది. తుడుస్తూనే, "ఎప్పుడు తీస్కరావాలె?" అని నన్నడిగింది.

పిల్లకి ఏమని చెప్పాలి అన్నది నా భయం. డాక్టరు గారు దానికి తేలిగ్గా చెప్పేశారు. "అబద్ధం ఎందుకు? మేనరికాలున్న ఇల్లు. అక్క కూతురైనా చూడొచ్చు. శ్రీనుకి ఉంది గనక నిన్నూ చూస్తున్నామని చెప్పు, నిజమే కదా." ఆ ముక్క నాకు మొదటిసారే తట్టి ఉంటే అంజమ్మ ఆ మెట్లు అలా దిగేది కాదు. మీకు నియమం తెలియగానే సరిపోదు అమ్మాయిలూ, ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా తెలియాలి.

స్వాతికి రక్తం, మూత్రం, కళ్ళు అన్నీ చూశారు. చేతులు చాపితే వెంట్రుక వాసి వణుకు లేదు. కానీ రాగి ఉంది, కాలేయంలో చేరడం మొదలుపెట్టింది. సరైన వేళకి పట్టుకున్నామని డాక్టరు గారు అన్నారు. ఇంకో మూడు నాలుగేళ్ళు నేను కసురుకుంటూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో!

చుక్కలు

మందులు ఎలా వేసుకోవాలో చెప్పడానికి స్వాతినీ లక్ష్మమ్మనీ నా గదిలో కూర్చోబెట్టాను. చెట్టు నా ముందే ఉంది, ఫైలు మూసి పెట్టాను. స్వాతి శ్రద్ధగా విని, తన నోటుబుక్కులో రాసుకుంది. రాసుకుంటూ ఆగిపోయింది.

"మేడం, ఇది రావాలంటే అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి రావాలి కదా?"

"అవునమ్మా."

"అమ్మ సరే, చిన్నమ్మకి అక్క. మా నాన్నది వరంగల్. మా వాళ్ళకి అసలు చుట్టమే కాదు. మరి నాకెట్ల వచ్చింది?"

ఎక్కడో అరుదుగా బయటివాళ్ళలో కూడా ఆ లోపం ఉంటుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది అబద్ధం కాదు, అడ్డం పెట్టుకోడానికి బాగా పనికొచ్చే నిజం. కానీ అనలేకపోయాను. లక్ష్మమ్మ వైపు చూశాను.

లక్ష్మమ్మ తల ఎత్తకుండానే చెప్పేసింది. "నిన్ను గన్నది మీ చిన్నమ్మ బిడ్డా. నేను మైసమ్మ కాడ ఒడిల ఏసుకున్న. ఇగ నీ ఇష్టం."

స్వాతి నోటుబుక్కు మూసింది. తర్వాత, "చెట్టు చూపించండి మేడం" అంది. ఫైలు తెరిచాను. శ్రీను నల్లటి చదరం. పక్కన తమ్ముళ్ళవి రెండు తెల్ల చదరాలు. ఆ వరసలోనే తన సున్నా, సగం నల్లగా, వణుకు ఇంకా రాలేదని గుర్తు. అక్కడినుంచి అంజమ్మ దగ్గరికి నిండు గీత. లక్ష్మమ్మ దగ్గరికి చుక్కల గీత.

"ఈ చుక్కలేంది?"

"పెంచుకున్న వాళ్ళకి అలాగే గియ్యాలమ్మా. రక్తం కాదు కదా, అందుకని. పుస్తకంలో నియమం."

"పెన్సిల్ ఇవ్వండి" అంది. ఇచ్చాను. చుక్కకీ చుక్కకీ మధ్య ఖాళీలన్నీ ఒక్కొక్కటే నింపుకుంటూ పోయింది, గీత మొత్తం నిండేదాకా. తన చెయ్యి ఎక్కడా ఒణకలేదు. పక్కన లక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. స్వాతి ఆవిడ చెయ్యి పట్టుకుని, "పా అమ్మా, పోదాం. ఆకలైతుంది" అంది.

స్వాతి ఇప్పుడు కాలేజీలో జీవశాస్త్రమే చెబుతోంది. మాత్రలు మానలేదు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. శ్రీను మళ్ళీ వరసలో ఆడలేకపోయాడు గానీ, కుర్చీలో కూర్చుని పిల్లలకి స్టెప్పులు నేర్పుతాడు, కృష్ణానగర్‌లో అతని దగ్గర చోటు దొరకడం కష్టం. నవ్విన నాపచేనే పండింది. అంజమ్మ స్వాతిని ఇప్పటికీ మా అక్క బిడ్డ అనే అంటుంది. ఒట్టు ఒట్టే.

ఆ రోజు సాయంత్రం ఫైలు డాక్టరు గారి టేబుల్ మీదికి వెళ్ళింది. నిండు గీతలు రెండుంటే రేపు చూసినవాడు పొరబడతాడని నాకు తెలుసు. ఎలాగూ పెన్సిలు రాత వస్తుంది, రబ్బరు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. ఫైలు తిరిగొచ్చింది. ఆ గీత పక్కన ఆయన చేతిరాతతో చిన్నగా, "తల్లి. చెరపవద్దు" అని ఉంది.